సూపర్నోవా శిథిలమా, అవశేషమా, శేషమా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, కాస్త సాయం పట్టండి.

వచ్చే ఆదివారం అమలాపురంలో ఒక సన్మానం ఉంది. మా పక్క ఊళ్లో పుట్టి, ఇక్కడే డిగ్రీ చదివి, వాల్తేరులో ఎమ్మెస్సీ చేసి, రేడియో ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీకి ఊటీ వెళ్లిన ప్రొఫెసర్ గారికి. పేరు ఇక్కడ రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. పేలిపోయిన నక్షత్రాల చోట ఏం మిగిలిందో రేడియో టెలిస్కోపులతో చూడటం, సర్వీసంతా అదే పని. సన్మాన పత్రం రాసే బాధ్యత నా నెత్తిన పడింది. (ఈ చుట్టుపక్కల ఎవరికి శాలువా కప్పినా పత్రం నేనే రాయాలని రూలు ఎవరు పెట్టారో!)

కమిటీ వాళ్లు ఇచ్చిన చిత్తుప్రతిలో "నక్షత్ర శిథిలాలపై నలభై ఏళ్ల అవిరళ కృషి" అని ఉంది. ఆ 'శిథిలాలు' నాకు మింగుడు పడలేదు. శిథిలం అంటే కూలిన గోడ, దాని మీద మొలిచిన రావి మొక్క. పత్రికల్లో 'సూపర్నోవా అవశేషాలు' అని రాస్తుంటారు (సూపర్నోవా అంటే నక్షత్రం పేలిపోవడం). అది వింటే తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులు కళ్ల ముందుకొస్తాయి. రెండింటిలోనూ కథ ముగిసిపోయింది. ఆయన చూసింది ముగిసిపోయినదాన్ని కాదని నా అనుమానం. 'శేషాలు' అంటే సరిపోతుందా? మీరైతే ఏం రాస్తారు?

పాలకొల్లు సభ్యులు:
శేషం సంగతి తర్వాతండి, ముందు సూపర్నోవాకి తెలుగు చూడండి. 'బృహన్నవ్య' అని చక్కటి మాట ఉండగా ఇంగ్లీషు దేనికి?

పోస్టు పెట్టినవాణ్ని:
చక్కటి మాటే, కాదనను. కానీ తప్పు నోవాలోనే ఉంది. 1572లో టైకో బ్రాహీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆకాశంలో అంతకుముందు లేని చుక్కని చూసి దాన్ని 'కొత్త తార' అన్నాడు. లాటిన్లో కొత్త అంటే నోవా. 1930ల్లో వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్వికీ దాని ముందు 'సూపర్' తగిలించారు. తీరా చూస్తే అది కొత్తగా పుట్టిన చుక్క కాదు, పోతూ పోతూ మన కంటపడిన పాత చుక్క. ఆ తప్పుని మనం సంస్కృతంలోకి మార్చి భద్రంగా దాచుకోవడం ఎందుకు? సన్మానానికి ఇంటర్ పిల్లలు కూడా వస్తున్నారు, వాళ్ల పుస్తకాల్లో సూపర్నోవా అనే ఉంటుంది. అదే ఉంచుతాను.

రాజోలు సభ్యులు:
ఆయ్, మాది లంక గ్రామం. వరద పోయాక మిగిలేదాన్ని మేం ఒండ్రు అంటాం. పోయింది పోగా మిగిలింది, దాంట్లోంచే మళ్లీ పంట. 'నక్షత్రపు ఒండ్రు' అని రాయండి, సభలో చప్పట్లు పడతాయి.

పోస్టు పెట్టినవాణ్ని:
చప్పట్లు పడే మాట నిజమేనండి. పోలిక సగం దూరం నడుస్తుంది కూడా. మన నెత్తుట్లో ఇనుము, ఎముకల్లో కాల్షియం చాలా వరకు అలాంటి పేలుళ్లలో తయారై చుట్టూ వాయువులో కలిసినవేనట. కానీ ఒండ్రు నెమ్మదిగా కిందికి దిగుతుంది, చల్లగా ఉంటుంది. ఇది సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో బయటికి దూసుకుపోతుంది, ఎదురొచ్చిన వాయువుని లక్షల డిగ్రీలకు కాలుస్తుంది. ఆ వేడి చల్లారి, వేగం తగ్గి, చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోవడానికి పదుల వేల ఏళ్లు పడుతుంది. మీ ఒండ్రు ఆఖరి అంకానికి సరిపోతుంది. ఆయన పని చేసింది మొదటి అంకాల్లో.

కాకినాడ నుంచి తెలుగు లెక్చరర్ గారు:
శేషం అనే మాటకి భయపడక్కర్లేదు. మన పెద్దలు చెప్పింది గుర్తు చేసుకోండి. ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదు. ఎందుకు? మిగిల్చితే మళ్లీ మళ్లీ పెరుగుతాయి కాబట్టి. అప్పులో నూరు రూపాయలు ఉంచేస్తే వడ్డీ, పొయ్యిలో నిప్పు ఉంచేస్తే ఇల్లు. అంటే శేషం అన్నది చచ్చిన ముక్క కాదు, అదను చూసి లేచేది. వారపత్రికల్లో సీరియల్ చివర 'సశేషం' అని వేసేవారు, కథ ఇంకా ఉందని. ప్రళయం తర్వాత కూడా మిగిలేవాడు కాబట్టే ఆదిశేషుడికి ఆ పేరు. అవశేషానికీ శేషానికీ ధాతువు ఒకటే అయినా, వాడుక వాటిని రెండు దారులు పట్టించింది. మీరు శేషమే రాయండి.

భీమవరం సభ్యులు:
లెక్చరర్ గారు బాగా చెప్పారు గానీ, జనానికి శేషం అంటే లెక్కల్లో భాగహారమే. 37ని 5తో భాగిస్తే శేషం 2. భాగించిన అంకె కంటే ఎప్పుడూ చిన్నది. మీ ప్రొఫెసర్ గారి శేషం చూస్తే అసలు నక్షత్రం కంటే పెద్దది. పొసగదు.

పోస్టు పెట్టినవాణ్ని:
ఈ అభ్యంతరం నాకూ తట్టింది. అందుకే నిన్న సాయంత్రం ప్రొఫెసర్ గారికే ఫోన్ చేశాను. పది నిమిషాలు అనుకున్నది గంట దాటింది. ఆయన చెప్పినది నాకు అర్థమైన మేరకు రాస్తాను.

1987 ఫిబ్రవరిలో పెద్ద మాగెల్లానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలో ఒక నీలి మహాతార పేలిన వెలుగు భూమికి చేరింది. దూరం సుమారు 1,68,000 కాంతి సంవత్సరాలు. అంటే ఆ పేలుడు మన కథలన్నిటికీ ముందే అయిపోయింది, కబురు మాత్రం అప్పుడందింది. వెలుగు కంటే కొన్ని గంటల ముందే జపాన్, అమెరికా, రష్యా దేశాల్లో భూగర్భంలో ఉన్న పరికరాల్లో ఓ రెండు డజన్ల న్యూట్రినోలు (పేలుడులో పుట్టే అతి సూక్ష్మ కణాలు) పడ్డాయి. 1604లో కెప్లర్ చూసినదాని తర్వాత మామూలు కంటికి అంత బాగా కనిపించిన సూపర్నోవా అదే. మన అంతర్వేది తీరం నుంచి చూస్తే ఆ చోటు సముద్రం మీద నాలుగైదు డిగ్రీల ఎత్తుకి మించి లేవదు, ఆ మసకలో కనపడే ప్రశ్నే లేదు. ఈయన అప్పటికి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) కోసం ఆస్ట్రేలియాలో ఉన్నారు. "అదృష్టమంటే అదేనయ్యా, ఫెలోషిప్ అక్కడ దొరకడం," అన్నారు.

సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ల మొలాంగ్లో రేడియో టెలిస్కోపు ఒకటి రెండు రోజుల్లోనే దాన్ని పట్టుకుంది. కొద్ది వారాల్లో ఆ రేడియో సంకేతం సన్నబడి పోయింది. చాలామంది వేరే పనుల్లో పడ్డారు. కొందరు మాత్రం పట్టు వదలకుండా అదే చోటుని మళ్లీ మళ్లీ చూస్తూ వచ్చారు, ఏమీ లేదు, ఏమీ లేదు అని రాసుకుంటూ. 1990 మధ్యలో సంకేతం తిరిగి వచ్చింది. వచ్చి ఆగలేదు, ఏటికేడు పెరుగుతూ పోయింది. నక్షత్రం చావుకి ముందు వేల ఏళ్ల పాటు తన ఒంటి మీది వాయువుని చుట్టూ విడిచిపెట్టింది. పేలుడు తరంగం వెళ్లి దాన్ని గుద్దుకోవడం మొదలైంది, అదీ కారణం. కొన్నేళ్లకి ఆ తరంగం చుట్టూ ఉన్న ఉంగరం లాంటి వలయాన్ని కూడా తాకింది. అప్పుడు వలయం మీద ఒక్కో చోట వెలుగు చుక్కలు పుట్టుకొచ్చాయి.

"సూపర్నోవా ఆరిపోయాక దాని శేషం పుట్టడం మా తరం కళ్లారా చూసింది. మిగతా శేషాలన్నీ పుట్టి వందలో వేలో ఏళ్లయ్యాకే మాకు దొరికాయి," అన్నారు ఆయన. గమనించారా, 'శేషం' అని నేను అందించలేదు, ఆయన నోటే వచ్చింది. ఆరింది అనుకున్న నిప్పు మూడేళ్లకి రాజుకుందంటే లెక్చరర్ గారి అగ్నిశేషం కాక ఇంకేంటి? భాగహారం శేషం బడిలో నేర్చుకున్నది, అగ్నిశేషం ఇంట్లో విన్నది. సభలో కూర్చున్న పెద్దవాళ్లకి రెండోదే ముందు తడుతుందని నా నమ్మకం.

రాజమండ్రి సభ్యులు:
1054లో కూడా ఒక పెద్ద సూపర్నోవా వచ్చిందిగా. అప్పుడు రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు, ఆస్థానంలో నన్నయ. "శారదరాత్రు లుజ్జ్వల లసత్తర తారకహార పంక్తులం జారుతరంబు లయ్యె" పద్యంలో ఆ వెలుగే ఉందని నేనంటాను. 'ఉజ్జ్వల' అని ఊరికే అన్నాడా?

పోస్టు పెట్టినవాణ్ని:
అంత బాగా రాశాక ఒప్పుకోవాలనే ఉంటుంది, కానీ ఒప్పుకోలేను. కాలం కుదిరిన మాట నిజం. నందంపూడి శాసనం 1053 నాటిది, రచన నన్నయదే. ఆ మరుసటి ఏడాది జూలైలో చైనా వాళ్లు ఆ 'అతిథి తార'ని గుర్తించి రాసుకున్నారు. 23 రోజులు పట్టపగలు కనిపించింది, రాత్రిళ్లు దాదాపు రెండేళ్లు. మన డెల్టాకి వృషభ రాశి ఇంచుమించు నడినెత్తి మీదుగా వెళుతుంది, కాబట్టి మబ్బు లేని వేళ గోదావరి ఒడ్డున నిలబడ్డవాళ్లెవరైనా చూసే ఉంటారు. నన్నయ కూడా చూసి ఉండొచ్చు. కానీ పద్యంలో ఉన్నది హారాలుగా పేర్చిన ఎన్నో తారలు, కలువల వాసన గాలి, కర్పూరపు పొడిలాంటి వెన్నెల. ఒంటి చుక్క ప్రస్తావనే లేదు. అది శరత్కాలపు రాత్రి, అందం కోసం చెప్పినది. 'ఉజ్జ్వల' కనబడ్డ చోటల్లా పేలుడు వెతికితే మన ప్రబంధాల్లో ప్రతి పేజీకీ ఒక సూపర్నోవా దొరుకుతుంది.

దాని శేషం మాత్రం ఇప్పటికీ ఉంది. పీత నెబ్యులా అంటారు. 1731లో జాన్ బెవిస్ చూశాడు, 1758లో తోకచుక్క కోసం వెతుకుతున్న మెస్సియే అనే ఖగోళ శాస్త్రవేత్త దాన్ని తోకచుక్క అనుకుని మోసపోయి, ఇంకెవరూ మోసపోకూడదని వేసిన జాబితాలో మొదటి అంకె ఇచ్చాడు. ఇంకా సెకనుకి 1,500 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తోంది. కార్తీకంలో కృత్తికలు, రోహిణి పైకొచ్చాక ఎద్దు కొమ్ము చివర చిన్న టెలిస్కోపు పెడితే మసక మచ్చలా కనబడుతుంది.

కాకినాడ నుంచి తెలుగు లెక్చరర్ గారు:
నన్నయ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఇంకొక సందేహం. పేలాక నడిమధ్యలో ఒక ముద్ద మిగులుతుందంటారు కదా, న్యూట్రాన్ నక్షత్రమో, బ్లాక్ హోలో. శేషం అంటే అదా, చుట్టూ పరుచుకున్న వాయువా?

పోస్టు పెట్టినవాణ్ని:
అడగాల్సిన ప్రశ్న అడిగారు మాష్టారూ. నేనూ అదే అడిగాను. వాళ్ల పరిభాషలో సూపర్నోవా శేషం అంటే బయటికి విస్తరించే వాయువు, దాని ముందు నడిచే తరంగం. నడిమి ముద్ద వేరే లెక్క. కొన్ని పేలుళ్లలో అసలు ముద్దే మిగలదు. ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ చెప్పిన హద్దు, అంటే సూర్యుడి బరువుకి సుమారు 1.4 రెట్లు, ఆ దరిదాపులకు చేరిన శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) పేలితే మొత్తం చెల్లాచెదురైపోతుంది. అక్కడ ఉన్నదంతా వాయు శేషమే. పీత నెబ్యులాలో రెండూ ఉన్నాయి, మధ్యలోది సెకనుకి ముప్పై సార్లు తిరిగే పల్సార్ అనే న్యూట్రాన్ నక్షత్రం. 1999లో చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు మొట్టమొదట విడుదల చేసిన బొమ్మ కాసియోపియా అనే నక్షత్రమండలంలోని శేషానిది, దాని నట్టనడుమ అంతకుముందు ఎవరికీ తెలియని ఒక చుక్క బయటపడింది. 1987 నాటిదాని ముద్ద ఉన్నట్టు గట్టి ఆధారం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో 2024లో గానీ రాలేదు. అందుకని పత్రంలో గజిబిజి లేకుండా బయటిదానికి 'శేషం', లోపలిదానికి 'కేంద్ర శేషం' అని వాడదామనుకుంటున్నాను.

భీమవరం సభ్యులు:
సరే, ఓడిపోయాను. మరి 'ఖగోళ రంగంలో ధ్రువతార' అని కూడా ఉంటుందిగా పత్రంలో? అది లేకుండా మన వైపు సన్మానం పూర్తికాదు.

పోస్టు పెట్టినవాణ్ని:
ఉందండి, కమిటీ వాళ్ల మొదటి వాక్యమే అది. ప్రొఫెసర్ గారికి చదివి వినిపిస్తే పెద్దగా నవ్వారు. ధ్రువతార వెలుగు కూడా నాలుగు రోజులకోసారి హెచ్చుతగ్గులవుతుందట, "నన్ను అంత నిలకడలేనివాణ్ని చేయకండి," అన్నారు. కొట్టేశాను. 'అవిరళ', 'అనితర సాధ్యం', 'అపర బృహస్పతి' కూడా ఎత్తేశాను. కమిటీ ప్రెసిడెంట్ గారికి ఇంకా చెప్పలేదు, ఆ టెన్షన్ వేరే ఉంది.

ప్రస్తుతానికి ఆ పేరా ఇలా ఉంది:

"ఊటీ కొండవాలు మీద 530 మీటర్ల పొడవున పరిచిన రేడియో టెలిస్కోపు దగ్గర మొదలుపెట్టి, ఆస్ట్రేలియాలో కొన్నేళ్లు గడిపి, పుణే దగ్గర 45 మీటర్ల డిష్‌లు ముప్పై ఉన్న జీఎంఆర్‌టీ దాకా మీరు వెతికింది ఒక్కటే. నక్షత్రం పేలి ఆరిపోయాక దాని శేషం ఎలా రాజుకుంటుంది, ఎంత దూరం పాకుతుంది, ఎప్పుడు చల్లారుతుంది అని. టెలిస్కోపు మీద కొన్ని గంటల కోసం దరఖాస్తు రాసి, అది తిరస్కరిస్తే మళ్లీ రాసి, దొరికిన రాత్రి మెలకువగా ఉండి, వచ్చిన అంకెల్ని పటాలుగా మార్చడానికి నెలలు వెచ్చించారు. మీ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇప్పుడు అవే శేషాల్ని కొత్త టెలిస్కోపులతో చూస్తున్నారు."

దరఖాస్తుల వాక్యం ఉండాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన జరిగింది. సన్మాన పత్రంలో తిరస్కరణ మాట అశుభం అంటారు మా ఆవిడ. పని అంటే ఏమిటో పిల్లలకు తెలియాలని నేను ఉంచాను.

రేపు పొద్దున్నే డీటీపీ వాళ్లకి ఇచ్చేయాలి, ఆ తర్వాత ఫ్రేము కట్టించాలి. ఇంకా రెండు మిగిలాయి. 'న్యూట్రాన్ నక్షత్రం' అనాలా 'న్యూట్రాన్ తార' అనాలా, 'సూపర్నోవా' కలిపి రాయాలా మధ్యలో విడగొట్టాలా? రాత్రి పదిలోపు ఎవరైనా చెబితే మార్చుకుంటాను.