అప్‌డేట్: వరి ఆకులు గొట్టంలా చుట్టుకుపోవడానికి కారణం దొరికింది

ఎంటీయూ 1010 రకం వరిలో ఆకులు నిలువునా చుట్టుకుని, తెల్లారినా విచ్చుకోవట్లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఆకుముడత పురుగు కాదు. విప్పి చూస్తే దారపు అల్లిక లేదు, తెల్ల చారలూ లేవు. తుప్పు మచ్చల్లేవు, జింకు లోపమూ కాదు. "ఆరుతడి పైపు (నేలలో నీటిమట్టం చూసేందుకు పొలంలో పాతే బెజ్జాల గొట్టం) చూడండి" అని ఒక అన్న చెప్పిన మాటే నిజమైంది. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారు పైపు పీకి చూపించారు, బెజ్జాలన్నీ బురదతో పూడిపోయాయి. లోపల నీళ్లు నిలిచే ఉన్నాయి, పక్కన జానెడు తవ్వితే పొడి మట్టి! పాపం, పైరు అన్నాళ్లూ దాహంతో ఉంది.

పైపు కడిగి పాతి, 5 సెంటీమీటర్ల నీరు పెట్టాం. మర్నాడు పొద్దున్నే ఆకులు విచ్చుకున్నాయి. ఇప్పుడు పైపులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగగానే తడి ఇస్తున్నా. పూత దశలో మాత్రం ఆరనివ్వను.

మధ్యాహ్నం ఎండకు చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకుంటే కంగారొద్దు, ఆకు నీరు కాపాడుకునే తీరది.