అప్‌డేట్: చెక్క నేలపై బీరువా గీతలు పోయాయి

బీరువా జరిపినప్పుడు హాలులో చెక్క నేలపై పడిన ఏడు గీతల గురించి పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

గోరుతో అడ్డంగా గీసి చూడమన్న సలహాయే దారి చూపింది. ఆరు గీతల మీద గోరు ఆగకుండా జారిపోయింది. అంటే గీత పైపూతలోనే ఉంది, చెక్క దాకా దిగలేదు. ఏడో దానిలో గోరు తట్టుకుంది. దగ్గరగా చూస్తే అడుగున పోగులు తెగి, లేతరంగు చెక్క బయటపడి ఉంది.

వడ్రంగి ఆ ఒక్క పలకనే 220 నంబరు ఉప్పుకాగితంతో చెక్క సహజ చారల వెంట రుద్ది, రంగు కలిపి, పాలియురిథేన్ అనే పారదర్శక పైపూతను పలుచగా రెండుసార్లు వేశారు. మిగతా వాటికి పూతను కాస్త గరుకు చేసి మళ్లీ వేస్తే సరిపోయింది. నేలంతా అరగదీయనక్కర్లేకపోయింది.

తడిగుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టి ఆవిరి పట్టే పద్ధతి నా విషయంలో పనికిరాదట. అది నొక్కుకుపోయిన సొట్టలకే. తెగిన పోగులు ఆవిరికి లేవవు. అక్రోటు పప్పు రుద్దితే గీత కొన్నాళ్లు కనిపించలేదు, అంతే.

దయచేసి ముందుగా మైనం మాత్రం రాయకండి. మైనం మీద కొత్త పూత పట్టదు. నేను రాసిందంతా తుడిచి తీయడానికే వడ్రంగికి సగం పూట పట్టింది.

ఇప్పుడు బీరువా కాళ్లకు ఫెల్టు ముక్కలు అంటించాను.