సౌండ్ ఆఫ్ మ్యూజిక్ లైవ్: క్యారీ పాటకి మార్కులు గొంతు చూసి వేయాలా, పాత్ర చూసి వేయాలా?

ప్రొద్దుటూరు_పిల్లోడు:
అన్నలూ, ఒక పంచాయితీ తీర్చండప్పా. ఆదివారం ఇంట్లో సౌండ్ ఆఫ్ మ్యూజిక్ లైవ్ చూసినాం, అదే 2013 డిసెంబర్ 5న అమెరికాలో ఎన్‌బీసీ వాళ్లు నాటకం మాదిరి నేరుగా టీవీలో వేసింది, మఠం నుంచి కెప్టెన్ పిల్లల్ని చూసుకోను వచ్చే మారియాగా గాయని క్యారీ అండర్‌వుడ్. మా అక్క కర్నూల్లో పిల్లలకి సంగీతం చెప్తాది. పది నిమిషాలకే "జూలీ ఆండ్రూస్ యాడ, ఈమె యాడ" అని లేచి వంటింట్లోకి పోయింది. నాకైతే శృతి తప్పినట్టు ఎక్కడా వినపళ్లేదు. రీటేక్ లేకుండా అన్ని పాటలు పాడిన మనిషిని జూలీ ఆండ్రూస్ మారియాగా చేసిన 1965 సినిమా పక్కన నిలబెట్టి మార్కులేయడం న్యాయమేనా?

హార్మోనియం_తాత:
శృతి తప్పిందని ఎవరన్నారు నాయనా? నేను అనంతపురం చుట్టుపక్కల ముప్పై ఏండ్లు పద్యనాటకాలకి హార్మోనియం వాయించినోణ్ణి, ఇట్లాంటి గొంతులు శానా చూసినా. కాటిసీను జరుగుతాంటాది, చంద్రమతి కొడుకు శవాన్ని పెట్టుకోని ఏడుస్తాంటాది, హరిశ్చంద్రుడేమో పద్యం చివర రాగం ఎత్తుకోని ఐదు నిమిషాలు దిగడు, జనం వన్స్‌మోర్ అంటారు, ఆయన మళ్లీ మొదటికొస్తాడు, శవం ముందర వన్స్‌మోరేంది సామీ! మన తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ గారు ఈ రాగాల సాగదీతకే కదా ఎదురు తిరిగింది. క్యారీ రాగం తీయలేదు, ఒప్పుకుంటా, కానీ పాట మొదలవ్వకముందు ఏ మొహమో అయిపోయినాక కూడా అదే మొహం. మాటలతో చెప్పలేనిది ఉంటేనే కదా పాత్ర పాట ఎత్తుకునేది. మఠానికి పెద్ద మదర్‌గా వేసిన ఆడ్రా మెక్‌డొనాల్డ్‌ని చూడు, క్లైంబ్ ఎవ్రీ మౌంటెన్ పాడుతాంటే ఎదురుగా ఉండే పిల్లకి బుద్ధి చెప్తాండాదే గానీ మనకి గొంతు చూపించడంల్యా. అప్పటికే ఐదు టోనీలు, అదే అమెరికాలో నాటకాలకిచ్చే అవార్డులు, తీసుకున్న మనిషి.

నంద్యాల_నటరాజ్:
తాతా మీ మాట సగం ఒప్పుకుంటా. అసలు పోలికే తప్పు. సినిమాలో పాటలు ముందే రికార్డు చేసుకోని తర్వాత పెదాలు కదిపినారు. కెప్టెన్‌గా వేసిన క్రిస్టఫర్ ప్లమ్మర్ పాటలు బిల్ లీ అనే ఆయన గొంతు, పెద్ద మదర్ పాట కూడా వేరే ఆమె పాడిందే. జూలీ ఆండ్రూస్ సొంతంగానే పాడింది, అదీ రికార్డింగే. ఎన్టీఆర్‌కి ఘంటసాల పాడితే ఒప్పుకున్న మనం స్టేజీ మీద మైకు ముందు నిలబడి పాడినోణ్ణి ఆ పాటతో కొలుస్తామా? ఇంకోటి, ఆ షోకి హాల్లో జనం లేరు. పాట అయిపోతానే గమ్మున ఉంటాది, చప్పట్లు లేవు, నాకే ఇబ్బంది అనిపించింది, ఇంక పాడేటోళ్ల సంగతి చెప్పేదేముంది.

కర్నూలు_అక్కయ్య:
ఆ వంటింట్లోకి పోయిన అక్కని నేనే. ఒరేయ్, ఇంటి గొడవ ఇక్కడ పెడ్తావా?
సరే, వచ్చినా కాబట్టి చెప్తా. 2005లో అమెరికన్ ఐడల్ అనే టీవీ పాటల పోటీ గెల్చిన గొంతు, దాన్ని ఎవరూ కాదనరు. నాకు నచ్చంది ఏందంటే ప్రతి లైనూ ఒకే బలంతో పాడ్తాది, భయపడే లైనూ సంతోషపడే లైనూ ఒకటే. మా పిల్లలకీ ఇదే చెప్తా, పల్లవి మళ్లీ వచ్చినప్పుడు మొదటిసారి మాదిరే పాడితే మధ్యలో చరణం ఎందుకు పాడినట్టు? పైగా మై ఫేవరెట్ థింగ్స్ ఉరుముల్లో పిల్లలతో పాడాల్సింది పోయి మదర్‌తో పాడించినారు, దాంతో ఇంకా చిరాకేసింది.

నంద్యాల_నటరాజ్:
అక్కా అక్కడ మీరు దొరికిపోయినారు 😀 1959లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో వేసిన నాటకంలో అది మదర్‌తో పాడే పాటే. ఉరుముల సీన్లో లోన్లీ గోట్‌హెర్డ్ ఉంటాది. సినిమా వాళ్లే మార్చినారు, ఈ లైవ్ నాటకాన్ని పట్టుకోని పోయింది.

కర్నూలు_అక్కయ్య:
అట్లనా? అయితే ఆ మార్కు వాపస్ ఇచ్చేస్తా. లోన్లీ గోట్‌హెర్డ్ బాగానే పాడింది, వంటింట్లోకి వినపడింది. యోడ్లింగ్‌లో గొంతు పైకి తిప్పేటప్పుడు తడబాటే లేదు, అక్కడ మనిషి కూడా కొంచెం సంతోషంగా ఉన్నట్టుంది.

హార్మోనియం_తాత:
చూసినావా తల్లీ, నీకు నచ్చింది ఆ సంతోషమే.

ప్రొద్దుటూరు_పిల్లోడు:
తాతా మా అక్క ఒక మార్కు వెనక్కిచ్చిందంటే మా ఇంట్లో అదే రికార్డు. ఇంతకీ పదికి ఎంతో ఎవరూ చెప్పలా.

హార్మోనియం_తాత:
పాటకి ఎనిమిది. మారియాకి నాలుగు. కూడి సగం చేసేది మాత్రం నాతో కాదు.