కాకరపువ్వొత్తితో గాల్లో ‘అమ్మ’ అని రాస్తే ఫొటోలో రావాలంటే?

తెనాలి టీచర్:
మా పాప మూడో తరగతి. పోయిన దీపావళికి కాకరపువ్వొత్తితో గాల్లో ‘అమ్మ’ అని రాసింది. ఫోన్‌తో రెండు ఫొటోలు తీశాను. ఒకదాంట్లో తెల్లటి ముద్ద, రెండోదాంట్లో ఫ్లాష్ పడి ఒట్టి పొగ. ఈసారి మా తమ్ముడు తన పాత డీఎస్ఎల్ఆర్, 18-55 లెన్స్ ఇచ్చి వెళ్ళాడు. చీకట్లో ఆటోలో పెట్టి నొక్కితే గర్రుమని లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతుందే తప్ప ఫొటో తీయదు. ట్రైపాడ్ ఉంది. పాప రాసింది చదవగలిగేలా రావాలి, వెనక అరుగు మీద కూర్చున్న మా అత్తయ్య గారూ కనబడాలి. వీలైతే మేడ మీద నుంచి తారాజువ్వలు కూడా. షట్టర్, అపర్చర్ అంటే ఏమిటో తెలుసు, అంతకుమించి తెలియదు. కాస్త విడమర్చి చెప్పండి.

ఫోన్ కెమెరా:
ఫోన్‌తో కూడా వస్తుందండి. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100, షట్టర్ 4 సెకన్లు, 2 సెకన్ల టైమర్. ఫోన్ స్టాండు మీదో, కదలకుండా దేనికో ఆనించో ఉండాలి. నైట్ మోడ్ మాత్రం వద్దు. అది వరసగా చిన్న చిన్న ఫొటోలు తీసి కలుపుతుంది, గీత ముక్కలు ముక్కలైపోతుంది.

పాలకొల్లు స్టూడియో:
అమ్మా, కెమెరా ఉందిగా, దాంతోనే తీయండి. నలభై ఏళ్ళు పెళ్ళి ఫొటోలు తీసినవాణ్ణి, కటిక చీకట్లో ఆటో ఫోకస్‌ని నమ్మి బాగుపడింది లేదు. పాప నిలబడే చోట ముగ్గుపిండితో గుర్తు పెట్టండి. అక్కడ ఎవరినైనా టార్చి పట్టుకుని నిలబడమని ఆ వెలుగు మీద ఫోకస్ చేయండి. తర్వాత లెన్స్ మీదున్న మీటను ఏఎఫ్ (ఆటో ఫోకస్) నుంచి ఎంఎఫ్ (చేత్తో ఫోకస్)కి జరపండి. మీట లేకపోతే మెనూలో ఉంటుంది. ఇక లెన్స్ మీది ఫోకస్ రింగు ముట్టుకోవద్దు. మా పిల్లలు తిప్పేస్తారని నేను దానికి సెల్లోటేపు అంటించేవాణ్ణి.

కెమెరా ‘ఎం’ (అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్) మీద పెట్టి ఐఎస్ఓ 100, అపర్చర్ 8 చేయండి. షట్టర్ ఎంతో పాపే చెబుతుంది. పగలు ఒట్టి పుల్లతో రాయించి లెక్కపెట్టండి. ఆరు అంకెలు పడితే ఆరు సెకన్లు.

అందరూ తికమకపడేది ఇక్కడే. గీత బాగా రాలేదని షట్టర్ పెంచుకుంటూ పోతారు. నిప్పు ఒకచోట ఆగదు కదా, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా గీత వెలుగు పెరగదు. పెరిగేది కదలకుండా ఉన్న అరుగు వెలుగు. గీత మరీ లావుగా, తెల్లగా మాడిపోతే అపర్చర్ 11 చేయండి, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. దాంతో అరుగూ చీకటవుతుంది, అప్పుడు షట్టర్ పెంచి అరుగును వెనక్కి తెచ్చుకోవాలి. ఈ రెండింటి మధ్య నాలుగు ఫొటోలు పాడయ్యాక మీకే చెయ్యి తిరుగుతుంది. ఫ్లాష్ వద్దు, పొగ మీద పడి తెల్లతెర కట్టేస్తుంది.

మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, కాకరపువ్వొత్తికి అనువే. తంటా అంతా తలకట్టుతోనూ ఒత్తుతోనూ. చెయ్యి అక్కడికి వెళ్ళే దారి కూడా ఫొటోలో గీతై పడుతుంది. దీనికో పాత ఉపాయం ఉంది. పెళ్ళి ఆల్బమ్‌లో ఉండే నల్ల అట్ట ఒకటి చించుకుని పెట్టుకోండి. పాప చెయ్యి మార్చేటప్పుడు లెన్స్ ముందు అడ్డం పెట్టి, మళ్ళీ తీసేయండి. కెమెరాకు తగలనివ్వద్దు.

తారాజువ్వలకూ ఆ అట్టే పనికొస్తుంది. దూరంగా ఏ సెల్ టవర్ ఎర్రదీపం మీదో ఫోకస్ చేసి, ‘బల్బ్’ అనే సెట్టింగ్‌లో షట్టర్ తెరిచి అట్ట మూయండి. బల్బ్‌లో నొక్కినంతసేపూ తెరిచే ఉంటుంది, కాబట్టి వైరు బటన్ కొనుక్కుంటే చెయ్యి వణుకు పడదు. జువ్వ లేచినప్పుడు అట్ట తీయడం, విచ్చుకుని ఆరాక మూయడం. అలా మూడు జువ్వలు ఒకే ఫొటోలోకి తెచ్చేవాణ్ణి. రీలుకు 36 ఫొటోలు, ప్రతిదానికీ డబ్బులు, అందుకని పుట్టిన పిసినారితనం అది.

తీశాక కెమెరా ఆరు సెకన్లు కొయ్యబారిపోతే పాడైందని కంగారుపడకండి. అది ఫొటోలోని చుక్కలు తుడుస్తోంది. మెనూలో ఆ పని చేసే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే ఆ కాసేపట్లో మంచి జువ్వ ఒకటి పోతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లో కుదుపు తగ్గించే మీటా ఆపేయాలి.

చిచ్చుబుడ్డికి మాత్రం దూరంగా ఉండండి. ఓసారి అత్యాశకు పోయి ఆరడుగుల దగ్గర పెట్టాను, రవ్వలు తగిలి లెన్స్ ముందు బిగించిన ఫిల్టర్ అద్దం మీద సూదిమొన లాంటి గుంటలు పడ్డాయి. ఫిల్టర్ లేకపోతే లెన్సే పోయేది. కాలిన వత్తులు వేయడానికి పక్కన ఇసుక బకెట్ పెట్టండి. చీకట్లో కెమెరాలోకి చూస్తూ వేడి కడ్డీ మీద కాలేసి, రెండు పెళ్ళిళ్ళు కుంటుతూ తీసినవాణ్ణి.

తెనాలి టీచర్:
నిన్న రాత్రి రెండు వత్తులతో చూశామండీ. గీత బంగారు తీగలా వచ్చింది! కానీ ‘అమ్మ’ అద్దంలో చూసినట్టు తిరగబడింది. కంప్యూటర్లో తిప్పేస్తే సరిపోతుందా?

పాలకొల్లు స్టూడియో:
పాప మీకెదురుగా నిలబడి తన ఎడమ నుంచి కుడికి రాస్తుంది, మీకది కుడి నుంచి ఎడమకి. తిప్పొచ్చు. కాకపోతే ఫొటో తిప్పితే మీ అత్తయ్య గారి పైట కుడి భుజం మీదికొస్తుంది. ఒకసారి ల్యాబ్‌లో నెగెటివ్ తిరగేసి ప్రింటు వేస్తే, నేనూ చూసుకోకుండా ఆల్బమ్‌లో అంటించేశాను. పెళ్ళికూతురి అమ్మమ్మ గారు కళ్ళజోడైనా పెట్టుకోకుండా కనిపెట్టేశారు.

పాపను మీకు వీపు పెట్టి, నాయనమ్మకేసి తిరిగి, చెయ్యి తలకన్నా పైకెత్తి రాయమనండి. అక్షరాలు సరిగా పడతాయి. వత్తి వెలుగు ఎలాగూ ఆవిడ ముఖం మీదే పడుతుంది. ఆవిణ్ణి ఆ ఆరు సెకన్లు కదలొద్దని బతిమాలుకోండి.

డల్లాస్ నుంచి:
మాకు జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవానికి, ఊరంతటికీ కలిపి ఒకేచోట బాణసంచా కాలుస్తారు. నాకు తెలిసిందొకటి: గాలి మీ వెనక నుంచి వీచే వైపు నిలబడండి, లేకపోతే పది నిమిషాల్లో పొగ తప్ప ఏమీ కనబడదు. ఆఖర్లో అన్నీ ఒకేసారి కాలుస్తారు, అక్కడ 6 సెకన్లు పెడితే ఫొటో తెల్లగా మాడిపోతుంది. నేను 1 సెకనుకు దించేస్తాను.

తెనాలి టీచర్:
దీపావళి రోజు వాన. ఒక్క ఫొటో లేదు. పాప దాచుకున్న వత్తులు నాగులచవితి సాయంత్రం బయటికి తీసింది. మొత్తం పదకొండు తీశాం. ఒకదాంట్లో ఒత్తు రాసేలోపు షట్టర్ మూసుకుంది, ఒకదాంట్లో నేను అట్ట తీయడం మర్చిపోయాను. అత్తయ్య గారు నాలుగింట్లో తల తిప్పారు. తొమ్మిదోది కుదిరింది. ‘అమ్మ’ పూర్తిగా ఉంది, దాని కింద పాప రెండు జడలు మసగ్గా, ఎదురుగా అరుగు మీద ఆవిడ ముఖం పసుపు రాసినట్టుంది. 8 బై 12 ప్రింటు కావాలంటున్నారు. స్క్రీన్ మీద కనిపించినట్టే వస్తుందాండీ?

పాలకొల్లు స్టూడియో:
కాగితం మీద కాస్త చీకటిగానే వస్తుందమ్మా. అరుగు దగ్గర ఓ పిసరు వెలుగు పెంచి ఇవ్వండి. ముందు చిన్న ప్రింటు ఒకటి వేయించి చూసుకోండి. పైట ఎడమ భుజం మీదే ఉందిగా?