మా ఆయన నల్లజాతి అమెరికన్, మామగారికి ప్రోస్టేట్ క్యాన్సర్: ముందు ఏ పరీక్ష చేయించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఇప్పుడు అట్లాంటాలో ఉంటున్నాం. మా ఆయన నల్లజాతి అమెరికన్, 42 ఏళ్ళు. పోయిన నెల మా మామగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. మామగారి అన్నయ్య కూడా 61వ ఏట ఇదే జబ్బుతో పోయారట. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు! ఈయనేమో "నాకేం లేదు, బాగానే ఉన్నా" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోతుందా? మా బాబుకి 9 ఏళ్ళు, వాడి సంగతేంటి?

జవాబు (యూరాలజీ నర్సు, 11 ఏళ్ళ అనుభవం):
చెల్లీ, జన్యు పరీక్ష సంగతి తర్వాత. ముందు మీ ఆయనకు పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్) ఎంతుందో చూసే రక్త పరీక్ష చేయించు. ఈ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ బయటపెట్టదు, అందుకే "బాగానే ఉన్నా" అనే మాటను నమ్ముకుని కూర్చోకూడదు. అమెరికాలో నల్లజాతి మగవాళ్ళలో సుమారు 6 మందిలో ఒకరికి ఇది వస్తుంది, తెల్లవాళ్ళతో పోలిస్తే మరణాలు రెట్టింపు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2024లో నల్లజాతి మగవాళ్ళను 40-45 ఏళ్ళ మధ్యే మొదటి పీఎస్‌ఏ చేయించుకోమంది. మీ ఆయనది సరిగ్గా ఆ వయసే.

ఇక జన్యువులు. ఇది తలసేమియాలా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. వందల కొద్దీ చిన్న తేడాలు కలిసి ప్రమాదాన్ని పెంచుతాయి. 8వ క్రోమోజోమ్ మీద 8క్యూ24 అనే చోటుకు ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని 2006లో బయటపడింది. అక్కడి తేడాల్లో కొన్ని ఆఫ్రికా మూలాలవాళ్ళలోనే కనిపిస్తాయి. ఒకేసారి కొన్ని జన్యువులను చూసే మామూలు ప్యానెల్ పరీక్షలు వీటిని చూడవు. అవి చూసేది బీఆర్‌సీఏ2, హాక్స్‌బీ13 లాంటి జన్యువులను.

హాక్స్‌బీ13 దగ్గర మాత్రం జాగ్రత్త. 2012లో దొరికిన జీ84ఈ అనే మార్పు యూరప్ మూలాలవాళ్ళది. పశ్చిమ ఆఫ్రికా మూలాలవాళ్ళలో కనిపించేది ఎక్స్285కె. అరుదే, కానీ ఉన్నవాళ్ళకు జబ్బు తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని ల్యాబ్‌వాళ్ళను "జన్యువు మొత్తం చదువుతారా, ఒక్క జీ84ఈ చూసి వదిలేస్తారా" అని అడుగు.

జన్యు పరీక్ష కూడా ముందు మామగారికి చేయించండి, జబ్బు వచ్చింది ఆయనకే కదా. ఆయనలో మార్పు దొరికితే మీ ఆయనకు దాన్ని ఒక్కదాన్ని వెతికితే చాలు. వాళ్ళ అమ్మగారి వైపు రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ఎవరికైనా వచ్చాయేమో కూడా కనుక్కో. ఆ క్యాన్సర్లకూ కారణమయ్యే బీఆర్‌సీఏ2 మార్పు అటు నుంచి కూడా రావచ్చు. బాబుకి ఇప్పుడు ఏ పరీక్షా వద్దు.

జన్యువులే అంతా నడిపిస్తాయనుకుని బెంగపడకు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో అందరికీ ఒకే వైద్యం అందినచోట నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ మధ్య మరణాల్లో తేడా దాదాపు కనిపించలేదు. వేళకు పట్టుకోవడం, మంచి వైద్యం దొరకడం అంత ముఖ్యం.

ఇంకొకరు:
నా భర్తది నైజీరియా. ఆయన రిపోర్టులో ఒక జన్యువు దగ్గర "అర్థం తేలని మార్పు" అని రాశారు. మేం నెల రోజులు ఏడ్చాం. ఫలితాలను పోల్చి చూసే జన్యు డేటాబేస్‌లలో యూరప్‌వాళ్ళే ఎక్కువ కాబట్టి ఆఫ్రికా మూలాలవాళ్ళకు ఇలాంటి ఫలితాలు ఎక్కువగా వస్తాయని జన్యు కౌన్సెలర్ చెప్పాక గానీ కుదుటపడలేదు. అది చెడ్డ వార్త కాదక్కా. ఇంకో మాట, జీవిత బీమా తీసుకోవాలనుకుంటే జన్యు పరీక్షకు ముందే తీసుకోండి. 2008 నాటి జన్యు వివక్ష నిరోధక చట్టం ఆరోగ్య బీమాకి వర్తిస్తుంది గానీ జీవిత బీమాకి కాదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అక్కా, థాంక్యూ చెల్లీ. రాత్రి ఆయన పక్కన కూర్చుని కవరు వెనక వంశవృక్షం గీశాం. వాళ్ళ అమ్మమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ఫోన్లో అత్తగారు చెప్పారు. ఈయన మొహంలో రంగు మారింది, "గురువారం వెళ్దాం" అన్నారు. ఒక్క సందేహం. జుట్టు ఊడకుండా ఆయన ఏడాదిగా ఫినాస్టెరైడ్ మాత్ర వేసుకుంటున్నారు. పీఎస్‌ఏకి ఏమైనా ఇబ్బందా?

నర్సు:
మంచి ప్రశ్న అడిగావు చెల్లీ! ఆ మాత్ర పీఎస్‌ఏను దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. సొంతంగా ఆపొద్దు, డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఏడాదిగా వాడుతున్నారు కాబట్టి వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూస్తారు. పరీక్షకు 2 రోజుల ముందు నుంచి సైకిల్ తొక్కడం, దాంపత్యం ఆపమను. అమ్మమ్మగారి సంగతి కూడా అక్కడ చెప్పండి, ఆ కవరు వెంట తీసుకెళ్ళండి.