టీమ్‌లో నల్లజాతి అమ్మాయికి అన్యాయం, నేను సాక్ష్యం చెప్పొచ్చా?

డల్లాస్‌లో పనిచేస్తున్నా, హెచ్1బీ. మా టీమ్‌లో నల్లజాతి అమ్మాయి కోడే రివ్యూలో మళ్ళీ మళ్ళీ తిప్పి పంపుతారు, ఆమె చెప్పిన డిజైనే ఇంకొకడు చెప్తే సూపర్ అంటారు, ప్రమోషనూ ఇవ్వలేదు. ఆమె కంప్లయింట్ ఇస్తే నేను సాక్ష్యం చెప్దామనుకుంటున్నా, వీసాకి ఇబ్బందా అన్నా?

రిప్లై: చెప్పు తమ్ముడూ. 1964 సివిల్ రైట్స్ చట్టం టైటిల్ 7 ప్రకారం సాక్షి మీద కక్ష తీర్చుకోవడం కూడా చట్టవిరుద్ధమే. ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) మామూలుగా 180 రోజుల్లోపు వెళ్ళాలి, చాలా రాష్ట్రాల్లో 300, ఆమెని లేట్ చెయ్యొద్దను. నువ్వు చూసినవన్నీ తేదీలతో రాసిపెట్టుకో.

రిప్లై: చట్టం సరే, జాబ్ పోతే హెచ్1బీ మీద ఇక్కడ ఉండటానికి మనకి గరిష్ఠంగా 60 రోజులే బ్రో. ముందు లాయర్‌తో మాట్లాడు.

రిప్లై: లాయర్‌ని కలవండి, కానీ వెనక్కి తగ్గకండి. 2017లో కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతిద్వేషంతో కాల్చినప్పుడు ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్లాయన అడ్డుపడి తనూ తూటా తిన్నాడండీ, ఆయనకి మనం ఏమవుతాం?