వెంచురీ కిట్‌కి పేటెంట్: భాగాలు చాలావరకు బజారువే అయితే క్లెయిమ్ నిలుస్తుందా?

ఆటోనగర్ ఫిట్టింగ్స్, విజయవాడ
మిర్చి తోటల డ్రిప్‌కి ఎరువు ఎక్కించే కిట్ అండి. పెట్టెలో అంగుళం వెంచురీ (నీటి ఒరవడితో ఎరువు ద్రావణాన్ని పీల్చే, నడుమ సన్నబడిన గొట్టం), డిస్క్ ఫిల్టర్, బాల్ వాల్వులు 2, వెంచురీ గొంతులో దిగే రింగులు 3 (రంధ్రం 6, 8, 10 మి.మీ.), ఒక్కో రింగుకి ఒక సక్షన్ నాజిల్. మోటారు ప్రెషర్‌ని బట్టి రింగు మార్చాలి. రింగులు, నాజిళ్లు తప్ప అన్నీ షాపుల్లో దొరికేవే. కిట్ మొత్తానికి క్లెయిమ్ (దేనిమీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యం) రాయొచ్చా? వాడే విధానం కాగితాన్ని కూడా అందులో చేర్చమంటున్నారు.

క్లెయిమ్ డ్రాఫ్టర్, గుంటూరు
ఒకే పెట్టెలో పెట్టినంత మాత్రాన ఏమీ రాదండి. తెలిసిన పరికరాలు దేని పని అది చేసుకుంటూ ఉంటే, వాటిని పక్కపక్కన చేర్చడం ఆవిష్కరణ కిందకి రాదని మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) చెబుతుంది. మీ ఫిల్టర్ నలుసులు ఆపుతుంది, వాల్వు నీళ్లు కడుతుంది. రింగు ఉన్నా లేకున్నా వాటి పని అదే. దరఖాస్తు పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ మొదట పట్టుకునేది ఇక్కడే.

మీ బలం రింగుకీ నాజిల్‌కీ ఉన్న పొత్తులో ఉండాలి. 6 మి.మీ. రింగులో దాని నాజిలే దిగుతుందా, ఏదైనా దిగుతుందా? ఏదైనా దిగితే అవి విడి సామాన్లే. దాని జోడీ ఒక్కటే దిగితే, రింగు మార్చినప్పుడు మోతాదు తప్పే వీలు పోతుంది. ఆ ఫలితం రెండూ కలిస్తేనే వస్తుంది. 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలబద్ద కూడా ఇదే: పాత భాగాల కలయికతో కొత్త ఫలితమో, మెరుగైన లేదా చవకైన వస్తువో రావాలి, మామూలు వర్క్‌షాప్ మార్పు చాలదు.

కాగితం మాత్రం వదిలేయండి. సమాచారం చూపడం 3(ఎన్) కింద పోతుంది. అమెరికాలోనూ 2004లో న్గాయ్ కేసులో, తెలిసిన కిట్‌కి కొత్త సూచనల కాగితం జోడిస్తే పేటెంట్ రాదన్నారు.

ఆటోనగర్ ఫిట్టింగ్స్
జోడీయే దిగుతుందండి. మూడు రింగుల్లో గాడి వెడల్పు వరసగా 2, 3, 4 మి.మీ., నాజిల్ మెడ మీద దానికి సరిపోయే పలక. ముందు ఓ 20 కిట్లు అమ్మి చూసి ఫైల్ చేస్తే?

పేటెంట్ ఫైలింగ్ ఏజెంట్
అమ్మకండి. ఫైలింగ్‌కి ముందు ఒక్క కిట్ బయటికి అమ్మినా కొత్తదనం మీదే దెబ్బ పడుతుంది. ముందు ప్రొవిజనల్ (తేదీ దక్కించుకునే తొలి దరఖాస్తు) వేయండి. మన ప్రాంతానికి చెన్నై ఆఫీసు, ఆన్‌లైన్‌లో వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు. 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ (క్లెయిమ్‌లతో సహా పూర్తి వివరణ) ఇవ్వాలి. గాడి బొమ్మ, కొలతలు ప్రొవిజనల్‌లోనే ఉండాలి, అందులో లేనిదానికి ప్రొవిజనల్ వేసిన తేదీ దక్కదు.

క్లెయిమ్ డ్రాఫ్టర్, గుంటూరు
మొదటి క్లెయిమ్‌లో ఫిల్టర్, వాల్వులు రాయొద్దు. రాస్తే, ఫిల్టర్ తీసేసి అమ్మేవాడు మీ క్లెయిమ్ బయట పడతాడు. 1వ క్లెయిమ్ గాడి, పలక ఉన్న రింగు-నాజిల్ జోడీకి, తర్వాతది మూడు జోడీల కిట్‌కి. ఆ గాడి అమరిక రెండింటిలోనూ ఉంటే సెక్షన్ 10(5) అడిగే ఒకే ఆవిష్కరణ భావన కుదురుతుంది.

చాలామంది తప్పేది ఒక మాట దగ్గర. ‘రింగుకి బిగించిన నాజిల్’ అని రాస్తారు. పెట్టెలో ఏదీ బిగించి ఉండదు కదా! ‘రింగు గాడిలో దిగేలా రూపొందించిన పలక గల నాజిల్’ అనండి. అమెరికాలో 1976 వెనీజియా కేసులో ఇలా విడి భాగాలుగా రాసిన కిట్ క్లెయిమ్‌లనే ఒప్పుకున్నారు.

ఒకే మోటారు మీద, ఒకే ప్రెషర్‌లో, సరైన జోడీతోనూ, పలక అరగదీసి తప్పు జోడీతోనూ గంటకి ఎన్ని లీటర్లు పీలుస్తుందో కొలిచి పట్టిక పెట్టండి. 3(ఎఫ్) అభ్యంతరం వచ్చిన రోజున జవాబులో చూపాల్సింది ఆ పట్టికే.